మా మరిది నడిపిన హరికేన్

మా మరిది పోయాడు. మొన్న పుష్య మాసంలో, ఎండ వాకిట్లోకి వచ్చే వేళకు ఊపిరి ఆగిపోయింది. కోకాపేటలో ఉన్న ఆయన అత్తవారింటికి కబురు పంపాలి కదా. మా ఇంటాయన ఒక మనిషిని పిలిచి, తమ్ముడి పేరు చెప్పి, ఫలానా ఆయన పోయాడని చెప్పి రమ్మన్నాడు. ఆ మనిషి తలపాగా సర్దుకుంటూ, "పేరు చెప్తే ఆళ్లకెట్ల ఎరుకైతదయ్యా? కందీలాయన పోయిండని చెప్త, జల్ది అర్థమైతది" అన్నాడు. వాకిట్లో ఉన్న పదిమందిలో ఒక్కరూ కాదనలేదు. శవం పక్కన కూర్చున్న నా చెవిన ఆ మాట పడింది. అందుకే ఇది రాస్తున్నాను.

పట్నం బయటి పాఠకులకు తెలియకపోవచ్చు, మా వైపు కందీలు అంటే లాంతరు. మా మరిది లాంతరు మనిషి కాదు. మొన్నటి పెద్ద యుద్ధంలో బర్మా అడవుల మీద యుద్ధవిమానం నడిపాడు. మా కొండాపూర్ వాళ్లు గాలిమోటరు అంటారే, అదే. ఒక్కడు మాత్రమే కూర్చునే విమానం. నడిపేదీ వాడే, తుపాకులు పేల్చేదీ వాడే, కాలితే కాలేదీ వాడే. అలాంటి మనిషిని కందీలాయనను చేసిన ఘనత మా ఊరిది. ఎలా చేశారో చెబుతాను. మధ్యలో నవ్వు వస్తే నవ్వండి, మా ఊరు కడుపుబ్బ నవ్వింది.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి ఆయన పట్నంలో చదువుకుంటున్నాడు. సెలవులకు వస్తే ఇల్లంతా ఆయన ఎగతాళే. మొహం బిగించుకుని ఏదో ఒకటి అనేవాడు, అవతలి వాళ్లు నిజమనుకునే సమయానికి నవ్వేవాడు. ఆ నవ్వు చూసి అందరం తేలికపడేవాళ్లం. పెళ్లయింది. పిల్ల చిన్నది, ఇంకా కాపురానికి రాలేదు. ఆలోగా యుద్ధం వచ్చింది. బేగంపేటలో గాలిమోటరు నడపడం నేర్పుతున్నారని తెలిసి ఎవరికీ చెప్పకుండా వెళ్లి చేరాడు. కోకాపేట పెద్దాయన, అంటే పిల్ల తండ్రి, మొదట అలిగాడు. తరువాత "మా అల్లుడు మొగులు మీద తిరుగుతడు" అని, ఆకాశమే తనదైనట్టు, చందానగర్ అంగడి దాకా చెప్పుకున్నాడు.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు హఫీజ్‌పేట స్టేషన్‌లో దిగి, నడిచి ఇంటికి వచ్చాడు. వాకిట్లో నిలబడ్డాడు. మా అత్తమ్మ చూసింది. ఎడమ వైపు చెవి లేదు, చెంప చర్మం ముడతలు పడి మెడ దాకా లాగేసి ఉంది. బిచ్చానికి వచ్చిన వాడనుకుని లోపలికి వెళ్లి చేటలో జొన్నలు తెచ్చి, "పట్టు నాయినా" అంది. ఆయన భుజం మీది తువ్వాల తీసి పరిచి పట్టాడు. ఆ తువ్వాల వంక చూస్తూనే, "ఇంకొన్ని పెట్టవ్వా, ఆకలైతున్నది" అన్నాడు. గొంతు విని ఆమె చేట వదిలేసింది. జొన్నలు వాకిలంతా పోయాయి. ఆమె ఏడుస్తుంటే ఆయన కూర్చుని జొన్నలు ఏరాడు.

ఆయన పెదవులు ఒకదానితో ఒకటి కలిసేవి కావు. కనుక ప, బ, మ అనే అక్షరాలు పలికేవి కావు. విమానం అనే మాట గాలిలా జారిపోయేది. గాలిమోటరు అన్నా అంతే, సగం మాట నోట్లోనే ఉండిపోయేది. ఇక్కడ ఆయన మాటలన్నీ నేను సరిచేసి రాస్తున్నాను. ఒక్క మాట మాత్రం ఎప్పుడూ స్పష్టంగా, గంట కొట్టినట్టు వచ్చేది. హరికేన్. అది ఆయన నడిపిన విమానం పేరు. ఇంగ్లీషులో తుపాను గాలికి ఆ పేరట.

నాకు ఆ విమానాన్ని ఆయనే చూపించాడు, చూపించాడంటే చెప్పాడు. నేను అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని చెప్పేవాడు. "వెనక సగమంత గుడ్డే వదినా. కర్ర చట్రం మీద గుడ్డ బిగించి గంజి లెక్క మందు పూస్తరు. ఎండితే డోలు లెక్క మోగుతది" అన్నాడు ఒకసారి. గుడ్డతో చేసిన దాన్ని ఎక్కి యుద్ధానికి ఎలా పోయావని అడిగాను. "గుడ్డతోని ఏం కాలే. పెట్రోలు డబ్బా ఒకటి సరిగ్గ నా మోకాళ్ల ముందట ఉంటది. దానికి, నాకు నడుమ ఒక్క రేకు" అన్నాడు. తెలిసి ఎలా కూర్చున్నావన్నాను. "అందరు గట్లనే కూసున్నరు" అన్నాడు. ఎవడో చెట్టు కింద నిలబడి తుపాకీతో పైకి కాల్చిన గుండు ఆ డబ్బాకు తగిలింది. కాల్చిన వాడికి తగిలిందన్న సంగతి కూడా తెలిసి ఉండదని ఆయన అనుకునేవాడు.

ఆయనకు కొన్ని అలవాట్లు ఉండేవి. మంచం మీద కూర్చునే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, మంచంకోళ్లు తాకి చూసి కూర్చునేవాడు. ఎక్కే ముందు విమానం చుట్టూ తిరిగి చూసుకోవాలట, అది చేతికి అంటుకుపోయింది. "సూడకుంట ఏదీ ఎక్కొద్దు వదినా" అనేవాడు. చూసిన వాళ్లు మంచానికి ప్రదక్షిణలు చేస్తున్నాడని నవ్వేవాళ్లు. ఎండలోకి వెళితే ముందు చెయ్యి అడ్డం పెట్టి సూర్యుడి వైపు చూసేవాడు. "సూర్యుని దిక్కుకెల్లి వచ్చేటోడు కనబడడు, వాడే సంపుతడు" అనేవాడు. కిరసనాయిలు వాసన మాత్రం అస్సలు పడేది కాదు. పొద్దుగూకి కందీలు వెలిగించగానే లేచి వెళ్లి చీకట్లో కూర్చునేవాడు.

ఎడ్ల బండి ఎక్కేవాడు కాదు. ఎందుకని మా ఇంటాయన గట్టిగా అడిగితే ఒకరోజు చెప్పాడు. "అడవిల దారి పొడుగున బండ్లు పోతుండె. దుశ్మన్లకు తిండి మోసే బండ్లు. తక్కువ ఎత్తున పోయి కాల్చిన. మనుషులు ఉరికిండ్రు. ఎడ్లు బండికి కట్టి ఉన్నయి గదా, ఉరకలేకపోయినయి. మళ్ల తిరిగొచ్చి కాల్చిన. హుకుం గట్లనే ఉండె" అన్నాడు. చెప్పి లేచి కొట్టంలోకి వెళ్లి మా ఎడ్లకు గడ్డి వేశాడు. నేను ఆయనను దేవుణ్ణి చేయడానికి ఇది రాయడం లేదు. చేసింది చేశాడు, దాన్ని ఎవరి మీదికీ నెట్టలేదు.

వచ్చిన రోజు నుంచి ఆయన కోరింది ఒక్కటే, భార్యను కాపురానికి పంపమని. పిల్ల ఈడుకు వచ్చి కూర్చుని ఉంది. కోకాపేట పెద్దాయన ఈ రోజు, రేపు అంటూ దాటేశాడు. చివరకు ఇద్దరు బంధువులను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మా ఊరి పట్వారీ కూడా వచ్చాడు. లెక్కలు రాసే మనిషి, ఉర్దూ బాగా వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాడు. అది మా ఊళ్లో పెద్ద చదువు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "మొఖం కాలిందని కాదు. లడాయిల కాలుతయి. కని నా బిడ్డను గాలిమోటరోనికి ఇచ్చినమని పదూర్ల చెప్పుకున్న. గిప్పుడేమో దవాఖానల పనిజేసిండని ఒకడు, బిచ్చమెత్తిండని ఒకడు అంటున్నరు. నలుగుర్ల అడుగుతున్న అల్లుడా, నిజం చెప్పు. నిజమైతే ఎల్లుండే పంపుత. లడాయిల నువ్వేం నడిపినవ్?"

మా మరిది గాలిమోటరు అనబోయాడు. మాట రాలేదు. మళ్లీ అన్నాడు, రాలేదు. అప్పుడు స్పష్టంగా పలికే మాటే అన్నాడు. "హరికేన్."

పట్వారీ చెవులు నిక్కబొడుచుకున్నాడు. "హరికేనా? గా మాట నేను సదివిన" అంటూ లేచి, దూలానికి వేలాడుతున్న కందీలు దించాడు. కిందుమీదు చేసి, మసి తుడిచి, రేకు మీద ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలను ఒక్కొక్కటే వేలితో తడుముతూ చదివాడు. "ఎచ్చు... యూ... ఆరు..." చివరి అక్షరం దాకా వచ్చి తల ఎత్తాడు. "ఇగో, సూడుండ్రి. హరికేన్. గీ కందీలు పేరే అది."

"అంటే లడాయిల కందీలు నడిపినవా?" అన్నాడు పెద్దాయన.

మా మరిది మళ్లీ పాత మనిషి అయ్యాడు. మొహం బిగించుకుని, "అవు మామా. దాని మీదనే ఎక్కి పోయిన. వత్తి జర పెద్దగ చేస్తే మీదికి పోతది, చిన్నగ చేస్తే కిందికి దిగుతది" అన్నాడు. అని, నవ్వాడు. నవ్వానని ఆయన అనుకున్నాడు. నేను తలుపు పక్క నుంచి చూస్తూనే ఉన్నాను. నవ్వే కండలన్నీ బర్మాలో కాలిపోయాయి. ఆ మొహం మీద ఏమీ కదలలేదు. ఎదురుగా కూర్చున్న వాళ్లకు కనిపించింది, ఒక మనిషి అందరి ముందూ నిజం ఒప్పుకోవడం.

నేను గడప దాటి వచ్చేశాను. "అది గాలిమోటరు పేరు, ఆయన ఎగతాళి చేస్తున్నాడు" అన్నాను. మా ఇంటాయన లోపలికి పొమ్మని కళ్లతో చెప్పాడు. పట్వారీ, "ఆడోళ్లకు ఇంగ్లీషు గూడ వచ్చా పటేలా, మీ ఇంట్ల?" అన్నాడు. అరుగంతా నవ్వు. పట్నంలో ఆడపిల్లల బడిలో చదివినందుకు నాకు జరిగిన సన్మానం అది.

కాగితాలు చూపించవచ్చు కదా అని మీరంటారు. చూపించాడు. పెట్టె తెచ్చి, సర్కారు ముద్రలున్న కాగితాలు అరుగు మీద పరిచాడు. పట్వారీ వాటినీ వేలితో తడిమాడు. "గీడ గూడ హరికేనే. గీడ గూడ హరికేనే" అని ప్రతి కాగితంలోనూ చూపించాడు. దాంతో అనుమానం ఉన్న ఒకరిద్దరికి కూడా తీరిపోయింది. ఫౌజులో దీపాలు తుడిచేవాడు, కిరసనాయిలు మీద పడి కాలింది, అదీ కథ. అందుకే పాపం దీపం వెలిగిస్తే పారిపోతున్నాడని మా పక్కింటివాళ్లు జాలి కూడా పడ్డారు.

పెద్దాయన వెళ్తూ వెళ్తూ, "ఆ మొఖం సూస్తే నా బిడ్డ దడుసుకొని సస్తది. ఎన్నడన్న సూసినవా మంచిగ? మనిషి మొఖమేనా అది?" అన్నాడు మా ఇంటాయనతో. మా మరిది అక్కడే ఉన్నాడు. చెవి ఒకటే పోయింది, రెండోదానికి వినిపిస్తుంది.

ఒకసారి ఆయనే కోకాపేట వెళ్లాడు. బండి కట్టమన్నా వినక గచ్చిబౌలి మీదుగా, ఆ రాతి గుండ్ల మధ్య నుంచి ఎండలో నడిచి వెళ్లాడు. వాకిట్లోనే నిలబెట్టి మంచినీళ్లిచ్చారు. పిల్ల చేనుకు పోయిందన్నారు. తిరిగి వచ్చాక ఏమైందని అడిగాను. "చేనుకు పోలే. తలుపు సందులకెల్లి కాళ్లు కనబడ్డయి వదినా. మెట్టెలు పెట్టుకున్నది" అన్నాడు. మొహం చూడలేదా అన్నాను. "నేను సూడలే. ఆమె సూడకుంట ఆమె తల్లి తలుపు దగ్గరికేసింది" అన్నాడు. ఆ తరువాత చాలా రోజులు ఆ మెట్టెల సంగతే చెప్పాడు.

నిరుడు ఎండాకాలం మా సంస్థానంలో ఎలా గడిచిందో ఇక్కడి వాళ్లకు చెప్పనక్కర్లేదు. తుపాకులు పట్టుకుని ఊళ్ల మీద పడే మనుషులు ఒకనాడు మధ్యాహ్నం మా ఊరికీ వచ్చారు. వాళ్లెవరో రాయను, మీకు తెలుసు. ఇండియా ఫౌజుకు గాలిమోటరు నడిపినవాడు ఇక్కడ దాక్కున్నాడని వాళ్లకు ఎవరో చెప్పారు. ఊరినంతా మా వాకిట్లో కూర్చోబెట్టి, మా ఇంటాయన ఛాతీకి తుపాకీ ఆనించి అడిగారు. "హవాయి జహాజ్ వాలా కౌన్ హై?" విమానం నడిపినవాడు ఎవడని.

రెండేళ్లుగా ఒక్కరైనా నమ్మితే చాలని మా మరిది ఎదురుచూశాడు. నమ్మిన వాళ్లు దొరికారు, చంపడానికి.

పట్వారీ లేచాడు. "జహాజ్ వాలా నై సాబ్, కందీల్ వాలా హై. ఫౌజ్ మే కందీలాఁ సాఫ్ కర్తా థా" అన్నాడు. దీపాలు తుడిచేవాడని. ఊరంతా అవునంది, మనస్ఫూర్తిగా అంది. వాళ్ల నాయకుడు మా మరిది దగ్గరికి వచ్చి, మొహం అటూ ఇటూ తిప్పి చూసి, "సచ్ హై?" అన్నాడు, నిజమేనా అని. మా మరిది తన అన్న ఛాతీ మీది తుపాకీని చూశాడు. "హౌ" అని అవునన్నాడు.

అంతటితో వదిలితే వాళ్లు వాళ్లెందుకవుతారు? మా దూలానికున్న కందీలునే దించి ముందు పెట్టి, తుడిచి వెలిగించమన్నారు. తుడవడం రాకపోతే అబద్ధమని తేలిపోతుంది. ఆయన బూడిద తెమ్మని నాకు సైగ చేశాడు. తెచ్చి పెట్టాను. కాలి అంటుకుపోయిన వేళ్లతో గాజుచిమ్నీ తీసి బూడిదతో రుద్దాడు, వత్తి కత్తిరించాడు, కిరసనాయిలు పోశాడు. వాసనకు ఒళ్లంతా చెమట. రెండుసార్లు పుల్ల ఆరిపోయింది, వాళ్లు నవ్వారు. వెలిగింది. దాన్ని కాలిన చెంప పక్కన పట్టుకుని ఎండలో నిలబడమన్నారు. మా ఇంట్లో వండించుకుని తిన్నంతసేపూ అలాగే నిలబెట్టారు. ఊరు చూస్తూ కూర్చుంది. పోతూ పోతూ ఒకడు, "శాబాష్ కందీల్ సాబ్" అని సలాము కొట్టాడు.

పట్వారీ మాట వల్లే మా ఇంటి మగవాళ్లు ప్రాణాలతో మిగిలారు. ఈ మాట రాయడం నాకు ఎంత కష్టంగా ఉందో చెప్పలేను, కానీ నిజం. పట్వారీ కూడా ఆ నిజాన్ని పది ఇళ్లలో చెప్పుకుంటాడు. ఆ సాయంత్రానికే కోకాపేటకు సంగతి చేరింది. "నలుగుర్ల తన నోటితోని ఒప్పుకున్నడు, కందీలు ముట్టిచ్చి సూపెట్టిండు, ఇంకేం కావాలె?" అని పెద్దాయన కబురు చేశాడు. పిల్లను పంపే మాట ఇక ఎత్తవద్దన్నాడు.

వానలు వెనకబట్టాక ఇండియా ఫౌజు వచ్చింది. మా గుట్టల మీదుగా విమానాలు పోతుంటే ఊరు ఊరంతా బయటికి వచ్చి మొగులు చూసింది. ఆయన మంచం మీదే కూర్చుని, కళ్లు మూసుకుని విన్నాడు. "ఇంజన్లు మంచిగున్నయి" అన్నాడు. ఎదురింటి పోరగాళ్లు పరుగెత్తుకొచ్చి, "కందీలాయనా, గవ్వేందో ఎరుకనా నీకు?" అని అడిగారు. "ఎరుక లేదు బిడ్డా, నువ్వే చెప్పు" అన్నాడు. వాళ్లు చేతులు చాపుకుని వాకిలంతా తిరిగి చూపించారు.

రోజులు మారాయి కదా, ఇప్పుడు వెళ్లి చెబుదాం, నమ్ముతారు అని నేను పోరాను. "ఎవడో అన్నదైతే అబద్ధమనొచ్చు వదినా. నా నోటితోని నేనే ఒప్పుకున్న" అన్నాడు. పొగ పీల్చిన ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయి. చలి మొదలు కాగానే దగ్గు పట్టుకుంది. చివరి రోజుల్లో పెళ్లినాటి పిల్ల ఎలా ఉండేదో చెప్పమని నన్ను అడిగేవాడు. నేను చూసింది చెప్పాను, చూడనిది కల్పించాను. కల్పించానని ఆయనకు తెలుసు, అయినా ఆపమనలేదు.

కబురు వెళ్లిన కొంతసేపటికే కోకాపేట బండి వచ్చింది. మూడేళ్లుగా ఆ పిల్లను పంపడానికి దొరకని బండి. మొగుడు బతికి ఉండగా ఒక్కసారి కూడా ఈ గడప తొక్కనివ్వని పిల్లను, విధవను చేయడానికి మాత్రం ముహూర్తం తప్పకుండా తెచ్చారు. నలుగురూ వస్తారు, బాగుండదు అని మా వాళ్లు అప్పటికే శవం మొహం మీద గుడ్డ కప్పారు. నేను వద్దన్నాను, నా మాట ఎవరు వింటారు?

ఆమె దిగి తిన్నగా వచ్చి తల దగ్గర కూర్చుంది. నా యారాలిని, నా తోటికోడలిని, పెళ్లినాటి తరువాత నేను చూడటం అదే మొదలు. గుడ్డ మీద చెయ్యి వేసింది. "తియ్యకు బిడ్డా, దడుసుకుంటవ్" అన్నాడు తండ్రి వెనక నుంచి. ఆమె తీసేసింది.

చాలాసేపు చూసింది. చెవి లేని చోటు, లాగేసిన చెంప, పూర్తిగా మూతపడని పెదవులు, అన్నీ ఒక్కొక్కటిగా చూసింది. తరువాత తల తిప్పి తండ్రిని చూసి, గొంతు పెంచకుండా అడిగింది.

"గింతేనా నాయినా?"

ఆయన కాలిన చెంప మీద అరచెయ్యి పెట్టింది. పొద్దెక్కుతోంది, లేపాలన్నారు. చెయ్యి తియ్యమన్నారు, తియ్యలేదు. పాడె భుజాల మీదికి లేస్తుంటే ఆ చెయ్యి కూడా దానితోపాటే పైకి లేచింది. ఆమె నిలబడింది, మునివేళ్ల మీద లేచింది, అందినంతసేపు ఆ చెంపను వదలలేదు.